పొలిమేరలు కలియు పటములు



ఇరుగు పొరుగు గ్రామములును, మండలములును, పురపాలక సంఘములును తమ తమ పటములను, కొలతలను, జాబితాలను అందఱికి సమ్మతమైన ఒక్క పద్ధతిలో వ్రాసికొనవలయుననునది నేటి నా విషయము. వినుటకు ఇది కచేరీలలోని గుమాస్తాల పనివలె తోచవచ్చును. కాని మన పొలము గట్టు ఎచ్చటనున్నదో, మన చెఱువు అలుగు ఎవరి పొలముమీదుగా పాఱునో, శ్మశానమునకు పోవు బాట ఎవరి లెక్కలో చేరినదో తేల్చునవి ఈ పటములే. అందుచేత ఇది కచేరీ వ్యవహారమైనంతగా ఇంటి వ్యవహారము కూడ.

ముందుగా ఒక శబ్దమును విచారింతము. ఇట్టి ఉమ్మడి పద్ధతికి ‘ప్రమాణము’ అని పేరు. మన భాషలో ప్రమాణమనగా కొలత. తర్కశాస్త్రమున ప్రమాణమనగా సత్యమును తెలిసికొనుటకు సాధనము, అనగా సాక్ష్యము. వాడుకలో ప్రమాణమనగా ఒట్టు. ఈ మూడర్థములును మన విషయమునకు కావలసినవే. కొలత ఒక్కటి కానిచో సాక్ష్యము నిలువదు. సాక్ష్యము నిలువనిచో మాట నిలువదు.

ఉమ్మడి ప్రమాణము లేనప్పుడు కలుగు చిక్కు ఎట్టిదో కాలగణనము తెలుపుచున్నది. రైళ్ళు వచ్చిన తొలిదినములలో బొంబాయికొక గడియారము, కలకత్తాకొక గడియారము, చెన్నపట్టణమునకొక గడియారము ఉండెడివి. ఏ గడియారమును తప్పు కాదు; ఏలయనగా ఎచ్చటి సూర్యుడు అచ్చటి వారికి సరియే. కాని రెండూళ్ళ నడుమ బండి నడపవలసివచ్చినప్పుడు రెండు సత్యములు కలిసి ఒక గందరగోళమయ్యెను. తుదకు 1906 జనవరి 1వ తేదినుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును ఆధారముగా గైకొని దేశమంతటికి ఒక్క కాలము నిర్ణయించిరి. ఆ రేఖ మన కాకినాడకు చేరువగానే పోవుచున్నది. అయినను బొంబాయి, కలకత్తా నగరములు తమ పాతకాలమును విడుచుటకు మఱి నాలుగైదు దశాబ్దులు పట్టెను. ప్రమాణమును నిర్ణయించుట ఒక దినపు పని. దానిని అందఱును అంగీకరించి ఆచరించుట ఒక తరము పని. ఈ సంగతిని మనసున నుంచుకొని మన భూముల కొలతలకు వత్తము.

1620 ప్రాంతమున ఇంగ్లండులో ఎడ్మండు గంటరు అను గణితజ్ఞుడు 66 అడుగుల గొలుసును కల్పించెను. అందు 100 లంకెలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఎకరములో నూఱవ పాలు సెంటు, అనగా 48.4 చదరపు గజములు. చెన్నరాజధానిలోని సర్కారు జిల్లాలును, రాయలసీమయు ఈ లెక్కకు అలవాటుపడినవి. నైజాము రాజ్యమున బొంబాయి పద్ధతి వ్యాపించెను. అచ్చట గొలుసు 33 అడుగులు; దానికి 16 అణాలు. 33 అడుగుల చదరము ఒక గుంట; అనగా 121 చదరపు గజములు. నలువది గుంటలు ఒక ఎకరము. ఎకరము రెండుచోట్లను ఒక్కటే. దానిని పంచుకొన్న తీరు మాత్రము వేఱు.

ఇక చూడుడు. ఒక కాగితము మీద ‘2.20’ అని వ్రాసియున్నది. గుంటూరు రైతు దానిని రెండెకరముల ఇరువది సెంట్లు అని చదువును. నల్లగొండ రైతు రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములని చదువును. ఇద్దఱి చదువునకు భేదము ముప్పది సెంట్లు, అనగా 1,452 చదరపు గజములు. వ్రాసినవాడును చదివినవాడును నిర్దోషులే. కాగితమునకు మాత్రము రెండు నాలుకలు.

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ చిక్కు మఱింత సూక్ష్మమైనది. ఎకరము ముప్పది గుంటలును, ఎకరము ముప్పది గుంటలును కూడిన మూడెకరముల ఇరువది గుంటలు కావలయును. ఆ సంఖ్యలను 1.30 గాను, 1.30 గాను యంత్రమున కెక్కించి, ఇవి గుంటలని దానికి చెప్పక కూడుమన్నచో 2.60 అని చెప్పును. యంత్రము మన మనసులోని మాట నెఱుగదు; వ్రాసిన అంకెను మాత్రమే యెఱుగును. కావున ప్రమాణపు మొదటి సూత్రము మిక్కిలి చిన్నది: అంకె ప్రక్క కొలత పేరు వ్రాయుట. ‘2 ఎ. 20 గుం.’ అనియో, ‘2 ఎ. 20 సెం.’ అనియో వ్రాసి, ప్రక్కనే హెక్టార్లలో గూడ చూపినచో వివాదమునకు తావు లేదు.

ఇది రెండు రాష్ట్రముల నడుమ చిక్కే గాని మాకేమి అని అనుకొనరాదు. పొలిమేరలు స్థిరములు కావు. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరినవి. 2014లో అదే ఖమ్మము జిల్లానుండి ఏడు మండలములకు చెందిన గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. మనుష్యులును పొలములును ఉన్నచోటనే యుండగా కాగితములు మాత్రము ఒక కచేరీ విడిచి మఱియొక కచేరీకి ప్రయాణము చేసినవి. అట్లు వచ్చిన కాగితమును క్రొత్త కచేరీవారు ఎవరి సాయమును లేక చదువగలుగుటయే ప్రమాణము యొక్క ప్రయోజనము.

కొలత తరువాతిది స్థానము. మన గ్రామపటములు చాలవఱకు ఒక్కొక్క ఊరికి విడివిడిగా గీయబడినవి. ప్రతి ఊరును తన హద్దురాళ్ళను ఆధారముగా చేసికొని ఒక దీవివలె నిలిచినది. ఒంటిగా చూచిన ప్రతిపటమును చక్కగానే యుండును. రెండూళ్ళ పటములను అంచున కలిపి చూచినప్పుడు ఒకచోట సందు, మఱియొకచోట ఒకదానిపై నొకటి యెక్కిన ముక్క కానవచ్చును. సందులో పడిన భూమి ఏ ఊరిదియు కాక పోవును. రెండు పటములలోను ఉన్న భూమికి ఇద్దఱు హక్కుదారులు బయలుదేరుదురు. పొలిమేర తగవులు కొన్నింటికి మూలము మనుష్యుల దురాశ కాదు, ఈ అంచులు కలియకపోవుటయే.

ఈ దోషమునకు మందును పూర్వులు ఎఱుగకపోలేదు. 1802 ఏప్రిలు 10వ తేదిన విలియము లాంబ్టను అను సైనికోద్యోగి చెన్నపట్టణము వద్ద పరంగికొండ సమీపమున సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలుచుట కారంభించెను. ఆ రేఖను భుజముగా గొని, కొండశిఖరములనుండి కోణములు చూచి, త్రిభుజము పై త్రిభుజమును అల్లుకొనుచు పోయిరి. ఆ వల 78 డిగ్రీల రేఖాంశము వెంబడి మన సీమలను దాటి హిమాలయముల వఱకు సాగెను. లాంబ్టను అనంతరము జార్జి ఎవరెస్టు ఆ పనిని నడపెను. భూమి గుండ్రదనమునకు ఆయన 1830లో నిర్ణయించిన లెక్కయే చిరకాలము మన దేశపటములకు ఆధారమైనది.

నేడు ఉపగ్రహముల సాయమున స్థానమును నిర్ణయించుచున్నారు. వానికి ఆధారమైన భూగోళపు లెక్క వేఱు. అది ప్రపంచమంతటికి సమానమైనది. 2005 నాటి జాతీయ పటవిధానము ప్రజలకిచ్చు పటములకు ఈ క్రొత్త ఆధారమునే స్వీకరించినది. ఇందొక మెలకువ కలదు. పాత ఎవరెస్టు లెక్కలోని అక్షాంశ రేఖాంశములను, క్రొత్త లెక్కలోనివానిని మార్పు చేయక ఒకే కాగితముపై నుంచినచో మన ప్రాంతమున నూఱుగజములకు మించిన జరుగుబాటు కలుగును. నూఱుగజములనిన ఒక చిన్నకారు రైతు పొలము సమస్తము దాటిపోవును. కావున అక్షాంశమెంత, రేఖాంశమెంత అని వ్రాసిన చాలదు. ఏ ఆధారముపై గుణించినదో కూడ వ్రాయవలయును. పంచాంగమును చూచువారికి ఇది తెలియని సంగతి కాదు. దృగ్గణితమా, పూర్వపద్ధతియా అని తెలియక తిథి చెప్పిన ఏకాదశి రెండు దినములు వచ్చును గదా!

ఎత్తు సంగతియు ఇట్టిదే. కొల్లేటి తీరమున నున్నవారికి ‘ఐదవ కాంటూరు’ అను మాట సుపరిచితము. సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తున నున్న రేఖకు లోపలిభాగమును, సుమారు 308 చదరపు కిలోమీటర్లను, 1999లో పక్షుల సంరక్షణస్థలముగా ప్రకటించిరి. ఆ రేఖకు ఒక అడుగు ఇటో అటో అయినచో ఎన్నో కుటుంబముల బ్రతుకుతెరువు మాఱును. అట్టిచోట సముద్రమట్టమనగా ఏది అని అడుగక తీరదు. మన దేశమున అది తొమ్మిది రేవులలో ఆటుపోటులను పెక్కేండ్లు కొలిచి, 1909లో నిర్ణయించిన మట్టము. ఆ రేవులలో మన విశాఖపట్టణము ఒకటి. ఉపగ్రహములనుండి నేరుగా వచ్చు ఎత్తు ఈ మట్టమునుండి లెక్కించినది కాదు. రెండింటికి పదులకొలది మీటర్ల భేదముండును. దానిని సవరింపక వాడినచో ఊరు సముద్రగర్భమున నున్నట్లు కాగితము చెప్పును.

మూడవది పేరు. మనకు రామాపురములెన్ని! కొత్తపల్లులెన్ని! ఒక్క జిల్లాలోనే ఒక పేరు గల గ్రామములు రెండు మూడుండుట కలదు. ఆ పేరును ఆంగ్లలిపిలో వ్రాయునప్పుడు ఒకరు ఒక విధముగను, ఒకరు ఒక విధముగను వ్రాయుటచే యంత్రమునకు ఒక్క ఊరే మూడూళ్ళుగా కనబడును. పైగా జిల్లాలు విడిపోవుచుండును. తెలంగాణమున 2016 అక్టోబరు 11వ తేదిన 10 జిల్లాలు 31 అయినవి. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిలు 4వ తేదిన 13 జిల్లాలు 26 అయినవి. జిల్లాపేరును బట్టి ఊరిని గుర్తించు పద్ధతి అట్టి దినమున ఒక్కసారిగా తలక్రిందులగును.

అందుచేతనే కేంద్రప్రభుత్వ పంచాయతీరాజ్ శాఖవారు దేశములోని ప్రతి స్థానిక సంస్థకును ఒక్కొక్క సంఖ్య నిచ్చి ఒక సూచికను నడపుచున్నారు. మన రెండు రాష్ట్రములలో పంచాయతీలే ఇరువదియైదువేలకు మించియున్నవి. పేరు ఎట్లు వ్రాసినను సంఖ్య ఒక్కటే. అట్లే ప్రతి భూఖండమునకును దాని మూలల స్థానమును బట్టి 14 అక్షరాంకముల గుర్తునిచ్చు పద్ధతి 2021నుండి రాష్ట్రములలో అమలునకు వచ్చుచున్నది. సంఖ్య వచ్చినదని పేరును విడువరాదు. పేరు ఊరి చరిత్ర; సంఖ్య దాని చిరునామా. రెండును ప్రక్కప్రక్కన నుండవలయును.

నాలుగవది మాటల అర్థము. ఒక ఊరివారు చెఱువన్నదానిని ప్రక్క ఊరివారు కుంట అందురు. ఒకరు కంకరబాట అన్నదానిని ఇంకొకరు మట్టిరోడ్డుగా వ్రాయుదురు. దృష్టాంతమునకు, మూడూళ్ళ నడుమ 60 ఎకరముల చెఱువొకటి కలదనుకొందము. ఒక్కొక్క ఊరి హద్దులో 20 ఎకరములు. మొదటి ఊరివారు చెఱువు మాదేయని 60 ఎకరములును వ్రాసికొనిరి. రెండవ ఊరివారు తమ హద్దులోని 20 మాత్రమే వ్రాసిరి. మూడవ ఊరివారు అది తమ లెక్కలోనిది కాదని విడిచిరి. మండలకచేరీలో కూడగా 80 ఎకరములు వచ్చెను. పూడికతీతకు సొమ్ము ఏ లెక్క ప్రకారము అడుగవలయును? పొలిమేర వెంబడి పోవు రోడ్డును ఇద్దఱును లెక్కించిన రెండు రోడ్లగును; ఇద్దఱును విడిచిన, వానలకు తెగినప్పుడు బాగుచేయు దిక్కుండదు. కావున ఏ వస్తువును ఏమని పిలువవలయును, ఉమ్మడి వస్తువును ఎవరు లెక్కించవలయును, దాని వివరము మాఱినప్పుడు ఎవరు దిద్దవలయును అను మూడింటిని ముందే నిర్ణయించుకొనవలయును.

పూర్వము ఈ ప్రమాణములు లేకయే ఊళ్ళు నడువలేదా యని మీరు అడుగవచ్చును. నడచినవి. ఏలయనగా కరణముగారో, పట్వారీగారో ఉండెడివారు. పటములోని గీతకు, నేలమీది గట్టుకు గల సంబంధము వారి బుద్ధిలో నుండెడిది. 1984-85 సంవత్సరములలో ఆ వంశపారంపర్య పదవులు తొలగినవి. ఆ పదవులలో కొన్నిచోట్ల జరిగిన అన్యాయములను నేను సమర్థింపను. కాని మనుష్యుల బుద్ధిలో నున్న అర్థమును కాగితముపైకి తెచ్చుపని మాత్రము అప్పుడు సంపూర్ణముగా జరుగలేదు. నేటి ప్రమాణములు ఆ లోటును పూరింపవలసియున్నవి.

ఇందు పోవునదేమి, వచ్చునదేమి అనువారికి బుడమేరు సమాధానము చెప్పును. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, పెక్కు గ్రామముల నడుమగా వచ్చి, విజయవాడను ఒరసికొనుచు కొల్లేటిలో కలియు ఏఱు అది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో అది పొంగి, గట్లు తెగి, నగరములోని పేటలనేకము దినములకొలది నీటనుండెను. ఆ కష్టమునకు కారణములు పెక్కు. వాన మితిమీఱినది, కాలువ చాలలేదు, దారి ఇఱుకైనది. ఏ పటమును వానను ఆపదు. కాని ఏఱు పంచాయతీహద్దు నెఱుగదను సత్యము అందు స్పష్టమైనది. ఎగువ గ్రామములవారి పటములును, నీటిపారుదలశాఖవారి పటములును, నగరపాలకుల పటములును ఒకే ఆధారముపై, ఒకే మట్టముతో గీసినవైనచో, ఎగువన నీరు ఇంత వచ్చినప్పుడు దిగువన ఏ వీధి మునుగునో ముందుగా లెక్కించి చెప్పవచ్చును. ఒక రాత్రి ముందుగా తెలిసినచో వృద్ధులను, పసిబిడ్డలను మెరకకు చేర్చవచ్చును.

ఇప్పుడు జరుగుచున్న పనులను గూర్చి రెండు మాటలు. 2020 ఏప్రిలు 24వ తేదిన ‘స్వామిత్వ’ అను పథకము ఆరంభమైనది. గ్రామకంఠములోని ఇండ్లస్థలములను డ్రోనులతో చిత్రించి యజమానులకు పత్రములిచ్చుట దాని ఉద్దేశము. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో పొలముల రీసర్వే మొదలైనది. అందు డ్రోనులను, ఉపగ్రహసంకేతములను సవరించి కొన్ని సెంటీమీటర్ల లోపల స్థానము చెప్పు కేంద్రములను వాడిరి. సాధనము ఎంత గొప్పదైనను విస్తీర్ణము తగ్గినదనియు, ఇద్దఱి భూములకు ఒక్క సంఖ్య పడినదనియు రైతులు పెక్కుచోట్ల మొఱపెట్టుకొనిరి. ఇందలి నీతి యేమనగా: డ్రోను గట్టును చూడగలదు, హక్కును చూడజాలదు. పటము సాక్షియే కాని న్యాయాధిపతి కాదు. సాక్షి చెప్పినదానిని ఊరివారి యెదుట చదివి, తప్పున్న దిద్దుటకు గడువిచ్చి, ఆ పిమ్మటనే స్థిరపఱచవలయును. చదివి వినిపించుట కూడ ప్రమాణములో ఒక భాగమే.

మఱి మీరు చేయదగినదేమి? రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిలు 24వ తేదిన అమలునకు వచ్చినది. త్రాగునీరు, బాటలు, చిన్న నీటివనరులు మొదలుగా 29 విషయములు పంచాయతీలకు అప్పగింపదగినవని అది తెలిపినది. చేయదగినవి పెక్కు గలవు. వీనిలో వ్యయము లేనివే చాల.

పంచాయతీ తీర్మానములన్నిటిపై ఊరిపేరుతోపాటు దాని సంఖ్యను వ్రాయింపుడు. ఏ జాబితా వ్రాసినను, ఎవరు కొలిచిరి, ఏ తేదిన, ఏ సాధనముతో, ఏ కొలతలో అను నాలుగు మాటలు దాని తలపై నుండవలయును. తేది లేని పటము ఊరుపేరు లేని ఉత్తరము వంటిది. సంవత్సరమున కొకసారి పొరుగూరి పెద్దలతో కలిసి పొలిమేర తిరుగుడు. మూడూళ్ళు కలియుచోట నున్న రాతిని ప్రత్యేకముగా కాపాడుడు. అది పోయినచో మూడు పటములకు ఆధారము పోవును. 1923 నాటి సర్వే హద్దుల చట్టము హద్దురాళ్ళ రక్షణమును గూర్చి నియమములు చేసియున్నది. వానిని పెఱుకుట పిల్లల ఆట కాదని యువకులకు తెలుపుడు. ఉమ్మడి చెఱువునకు, ఉమ్మడి బాటకు లెక్కవ్రాయు ఊరు ఏదో ఇరువురును సంతకములు చేసి నిర్ణయించుకొనుడు.

మఱియొక పని వృద్ధులు మాత్రమే చేయగలరు. వాగులకు, దిబ్బలకు, డొంకలకు, ఊటబావులకు ఉన్న పాతపేరులు మీకు తెలియును, డ్రోనునకు తెలియవు. చదువుకొన్న పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ పేరులను తెలుగుననే వ్రాయించి పటమునందు చేర్పింపుడు. ఎండిన కాలువకు ఇంకను పేరున్నచో, అది ఒకనాడు నీటిదారి అని రేపటివారు గ్రహించి దానిపై ఇల్లు కట్టరు.

అన్నిటిని అందఱికి పంచవలయునని నా అభిప్రాయము కాదు. చెఱువు, బాట, ఏఱు, మట్టము అందఱివి. వానిని దాచుట దోషము. ఒక గృహస్థుని అప్పులు, కుటుంబవివరములు, ఫోనుసంఖ్య పటముతోపాటు ఊరేగవలసిన పనిలేదు. ఏది పంచదగినది, ఏది పంచరానిది అను విభాగమును గూడ గ్రామసభయందే చర్చించి వ్రాసికొనవలయును.

ఆరంభమున ప్రమాణమునకు మూడర్థములు చెప్పితిని. కొలతను గూర్చి ప్రభుత్వములు ఏదో యొక నిర్ణయము చేయును. సాక్ష్యమును యంత్రములు సమకూర్చును. మూడవదైన మాటనిచ్చుట మాత్రము మనుష్యులు చేయవలసినది: పొలిమేరకు ఆవలివాడు చదివినను నా కాగితము ఇదే అర్థము నిచ్చునట్లు వ్రాయుదునని పొరుగూరికి మాటనిచ్చుట. ఈ వేసవిలో వానలు పడకమునుపే మీ ఊరి పటమును, పొరుగూరి పటమును ఒకే అరుగుపై పఱచి అంచులు కలిపి చూడుడు. కలియనిచోట గుర్తుపెట్టి, మండలసర్వేయరును పిలిపింపుడు.

సెలవు.